దువాతో పాటు దవా: ఇంట్లోని స్కిజోఫ్రీనియాను అర్థం చేసుకుందాం

(నెల్లూరు తీర మండలాల ముస్లిం కుటుంబాల సమావేశంలో మా బృందం పక్షాన చదివిన ప్రసంగపాఠం)

 

మన సభల్లో వక్ఫ్ ఆస్తుల గురించి మాట్లాడుకుంటాం. నాలుగు శాతం రిజర్వేషన్ గురించి, ఉపకార వేతనాల గురించి, ఓటర్ల జాబితాల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. కాని మన ఇళ్లలోనే, వెనుక గదిలో, తలుపు గడియ వేసి దాచిపెట్టిన ఒక దుఃఖం గురించి మాత్రం ఏ వేదికపైనా పెదవి విప్పము. ఆ గదిలో ఒక కొడుకో, ఒక కూతురో, ఒక కోడలో ఉంటారు. చుట్టాలు వస్తే ‘ఒంట్లో బాగాలేదు’ అని ఊరుకుంటాము. ఆ జబ్బుకు పేరు ఉన్నదనీ, వైద్యం ఉన్నదనీ, వైద్యం పొందడం ఆ మనిషి హక్కు అనీ చెప్పడానికే ఈ రోజు మేము మీ ముందుకు వచ్చాము.

ఆ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు ప్రతి 300 మందిలో ఒకరు దీనితో బాధపడుతున్నారు. అంటే వంద గడపలున్న ఏ మొహల్లాలోనైనా ఒకరైనా ఉండడం ఆశ్చర్యం కాదు. ఇది ధనిక, పేద, హిందూ, ముస్లిం, క్రైస్తవ భేదాలు చూడదు. సాధారణంగా మగపిల్లల్లో పదిహేడు, పద్దెనిమిదేళ్ల నుంచి ఇరవై ఐదేళ్ల లోపున, ఆడపిల్లల్లో మరికొంత ఆలస్యంగా బయటపడుతుంది. కుటుంబం ఆశలన్నీ పెట్టుకున్న వయసులోనే వచ్చి పడడం దీనిలోని క్రూరత్వం.

ఇది ఇంట్లో ఎలా కనిపిస్తుందో చూద్దాం. ఇంటర్ వరకు బాగా చదివిన పిల్లవాడు మెల్లగా స్నేహితులకు దూరమవుతాడు. స్నానం, గడ్డం, బట్టల మీద ధ్యాస పోతుంది. రాత్రి నిద్రపోడు. ఎవరూ లేని చోట ఎవరితోనో మాట్లాడతాడు, తనలో తాను నవ్వుకుంటాడు. చెవిలో ఎవరో తిడుతున్నారంటాడు. పక్కింటివారు తన మీద కుట్ర పన్నుతున్నారనీ, అమ్మీ పెట్టిన అన్నంలో విషం ఉందనీ నమ్ముతాడు. ఎంత నచ్చజెప్పినా ఆ నమ్మకం సడలదు. మరికొందరిలో ఈ ఆర్భాటం ఏదీ ఉండదు. పలుకు తగ్గి, ముఖంలో భావం తగ్గి, రోజంతా ఒక మూల గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. దానిని మనం సోమరితనం అనుకుంటాము, తిడతాము, కొడతాము. అది సోమరితనం కాదు, జబ్బులో ఒక భాగం. నిజానికి అది మందుకు త్వరగా లొంగని భాగం కూడా.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ గొంతులు మనకు వినిపించవు కాని అతనికి నిజంగానే వినిపిస్తాయి. అతను నటించడం లేదు, అబద్ధమాడడం లేదు. మెదడులో సమాచారం అందించే రసాయనాలలో, ముఖ్యంగా డోపమిన్ అనే దానిలో, కలిగే అస్తవ్యస్తత వలన ఇలా జరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు మానసిక వైద్యంలోకి వచ్చిన తరువాత ఈ గొంతులు మందుతో తగ్గుతాయని తేలింది. అప్పటి నుంచి ఎన్నో కొత్త మందులు వచ్చాయి.

‘మా ఇంటికే ఎందుకు వచ్చింది’ అని తల్లులు అడుగుతారు. పెంపకం లోపం వలన రాదు. నమాజు తప్పినందుకు వచ్చిన శిక్ష కాదు. ఈమాన్ బలహీనమైనందుకు రాదు. వంశపారంపర్యం కొంత పాత్ర వహిస్తుంది. సాధారణ జనంలో నూటికి ఒక్కరికి మించని ఈ ముప్పు, తల్లికో తండ్రికో జబ్బు ఉంటే నూటికి పదిమంది వరకు పెరుగుతుంది. అంటే అట్టి తల్లిదండ్రుల పిల్లలలో కూడా నూటికి తొంభైమందికి రాదు. గర్భంలో, ప్రసవంలో కలిగిన ఇబ్బందులు, తీవ్రమైన మానసిక ఒత్తిడి, గంజాయి అలవాటు దీనికి తోడవుతాయి. ముఖ్యంగా గంజాయి గురించి మన యువకులను గట్టిగా హెచ్చరించవలసిన కాలమిది. లేత వయసులో ఆ అలవాటు పడితే ఈ జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, వచ్చినవారిలో జబ్బు ముదురుతుంది.

ఇప్పుడు మనలో చాలామంది మనసులో ఉన్న మాటకు వద్దాము. ‘ఇది జబ్బు కాదు, గాలి సోకింది. జిన్ పట్టింది. ఎవరో చేయించారు.’ ఈ మాట వినని ఇల్లు లేదు. మొదట ఆమిల్ దగ్గరికి, తరువాత తావీజుకు, ఆ తరువాత దర్గాకు వెళతాము. మన జిల్లాలోనే అనుమసముద్రంపేట దర్గా ఉన్నది, కసుమూరు దర్గా ఉన్నది. మనసు చెదిరినవారిని ముఖ్యంగా ఏఎస్ పేటకు తీసుకువచ్చి రోజుల తరబడి ఉంచే ఆనవాయితీ ఈ ప్రాంతమంతటికీ తెలిసినదే. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో ఆరోగ్యపు రొట్టె పట్టుకునే చేతులలో హిందువులవీ ఉంటాయి, ముస్లిములవీ ఉంటాయి. ఆ విశ్వాసాన్ని అవహేళన చేయడానికి మేము ఇక్కడ నిలబడలేదు. దిక్కులేని తల్లికి అక్కడ ఒక నీడ దొరుకుతుంది, తనలాంటి మరో తల్లి పలకరింపు దొరుకుతుంది. ఆ ఓదార్పు విలువ తక్కువది కాదు.

అయితే కాలం విలువ కూడా తక్కువది కాదు. మొదటి లక్షణం కనబడిన నాటి నుంచి మొదటి మందు పడే నాటి వరకు ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుందని పరిశోధనలన్నీ చెబుతున్నాయి. 2015–16లో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్ర మానసిక వ్యాధులున్నవారిలో నూటికి డెబ్బైమందికి పైగా వైద్యం అందడం లేదు. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఆ పిల్లవాడి చదువు నుంచి, కొలువు నుంచి, స్నేహాల నుంచి తెగిపోయిన ఏడాది.

ఆలస్యం కన్నా ఘోరమైనది గొలుసు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో ఏమి జరిగిందో మన తరం మరువరాదు. అక్కడి ప్రఖ్యాత దర్గాకు సమీపంలో ప్రైవేటు వ్యక్తులు నడిపిన ఒక ఆశ్రయంలో తాటాకుల పాకకు నిప్పంటుకున్నది. లోపలివారి కాళ్లకు గొలుసులున్నాయి. పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలిన కుటుంబాలు దుర్మార్గులవి కావు. వైద్యం ఎక్కడ దొరుకుతుందో తెలియనివారు, తెలిసినా చేతిలో డబ్బు లేనివారు. ఆ మరణాలను సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఆ తరువాత 2019 జనవరిలో, ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్‌లో మానసిక రోగులను గొలుసులతో బంధించిన ఉదంతంపై, అట్లా బంధించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు విరుద్ధమని కోర్టు పేర్కొన్నది.

దువా వద్దా, దవాయే కావాలా అన్న ప్రశ్న అసలు సరైన ప్రశ్న కాదు. రెండూ కలిసి నడవగలవని గుజరాత్ చూపించింది. మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర 2008లో ప్రభుత్వ సహకారంతో ‘దవా-దువా’ కార్యక్రమం మొదలైంది. దర్గా సేవకులకు జబ్బు లక్షణాలను గుర్తించడం నేర్పారు. వారు ప్రార్థన చేసి, ‘ఇక డాక్టరును కూడా చూడండి’ అని పక్కనే ఉన్న వైద్యుని దగ్గరికి పంపుతారు. ఆసుపత్రికి రానన్న మనిషి ముజావర్ మాట మీద మాత్ర వేసుకుంటాడు. ఏర్వాడిలోనూ తరువాత ఇటువంటి ఏర్పాటే జరిగింది. మన ఏఎస్ పేటలో, కసుమూరులో ఎందుకు జరగకూడదు?

ఇది మన సంప్రదాయానికి కొత్త కూడా కాదు. దమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్‌లు వైద్యశాలలు. కైరో వైద్యశాలలో మనసు చెదిరినవారికి వేరే విభాగం ఉండేది. రాజీ, ఇబ్నె సీనా వంటి హకీములు మనోవ్యాధులను వైద్యగ్రంథాలలో చేర్చారు. వ్యాధికి మందు వెతకమన్నదే మన ప్రవక్త బోధ. మతిస్థిమితం తప్పినవారి మీద విధుల భారం లేదన్నది మన ఫిఖ్‌లో అందరూ ఒప్పుకున్న సూత్రం. వారిని దోషులుగా చూసే అధికారం మనకు ఎవరిచ్చారు?

ఇక వైద్యం సంగతి. నెల్లూరులోని ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి ముందుగా వెళ్లండి. ఓపీలో మానసిక వైద్య విభాగం అని అడగండి. బయలుదేరే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరు ఉచితంగా, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. రైలెక్కితే కొద్ది గంటల్లో చేరే చెన్నైలో 1794 నాటి కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నది. దేశంలో తొలి మహిళా మానసిక వైద్యురాలిగా పేరుపొందిన డాక్టర్ శారదా మీనన్ 1984లో ఈ ఒక్క జబ్బు కోసమే స్థాపించిన స్కార్ఫ్ సంస్థ ఉన్నది. వేలూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివారు కూడా ఉండి వైద్యం చేయించుకునే పద్ధతి దశాబ్దాలుగా సాగుతున్నది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, ఏమి మాట్లాడుతున్నాడు, గంజాయి, మద్యం అలవాటు ఉందా, ఇంతకు ముందు ఏ మందులు వాడారు, వంశంలో ఎవరికైనా ఉందా అన్నవి రాయండి. తావీజు కట్టించిన సంగతి, పసరు తాగించిన సంగతి దాచవద్దు. థైరాయిడ్, మూర్ఛ, మెదడుకు సోకిన ఇన్‌ఫెక్షన్ వంటివి కూడా ఇటువంటి లక్షణాలు చూపగలవు గనుక వైద్యులు ముందు వాటిని పరీక్షిస్తారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లికి తెలుగులో బాధ చెప్పుకోవడం కష్టమైతే, చదువుకున్న పిల్ల ఒకరు వెంట వెళ్లాలి. ఈ జబ్బులో సగం నిర్ధారణ మాటల మీదనే ఆధారపడి ఉంటుంది.

మందులు జ్వరపు మాత్రల వలె రెండు రోజుల్లో పనిచేయవు. నిద్ర, ఆందోళన కొద్ది రోజుల్లో కుదుటపడవచ్చు. గొంతులు, అనుమానాలు తగ్గడానికి వారాలు పడుతుంది. తగ్గిన తరువాత మానివేయడమే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. తగ్గినది మందు వలన గనుక, మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టమవుతుంది. ఎంతకాలం వాడాలన్నది డాక్టరు నిర్ణయించాలి. మొదటిసారి వచ్చినవారికి కూడా అది సంవత్సరాల లెక్కే. మాత్ర మింగనని మొండికేసేవారికి రెండు వారాలకో, నెలకో ఒకసారి వేసే సూదిమందులు ఉన్నాయి. రెండు మందులు సరిగ్గా వాడినా తగ్గనివారికి క్లోజపిన్ అనే మందు ఉన్నది, దానికి క్రమం తప్పక రక్తపరీక్ష చేయించాలి. చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, మగత, బరువు పెరగడం వంటివి కనిపిస్తే మందు ఆపవద్దు, డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చవచ్చు, మందే మార్చవచ్చు.

రంజాన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోజా కోసమని మందు మానివేసి, ఈద్ నాటికి ఆసుపత్రి పాలైన ఇళ్లు మనకు తెలుసు. రోగికి రోజా విషయంలో మినహాయింపు ధర్మమే ఇచ్చింది. ఉపవాసం ఉండగలిగిన స్థితిలో ఉన్నవారు రంజాన్‌కు రెండు మూడు వారాల ముందే డాక్టరును కలిసి, మందు వేళలు ఇఫ్తార్ తరువాతకు మార్చవచ్చునేమో అడగాలి. సహరీ కోసం, తరావీహ్ కోసం నిద్ర చెదరడం కూడా ఈ జబ్బుకు మంచిది కాదు. అట్లాగే కోలుకుంటున్న యువకుణ్ని రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకు పంపవద్దు. నిద్ర చెడుతుంది, మందు మగతతో నీటి దగ్గర, కరెంటు మోటార్ల దగ్గర ప్రమాదం. పగటి పూట చిన్న పని, చేయగలిగినంత పని ఇవ్వండి. పని కూడా వైద్యంలో భాగమే.

ఇంట్లో మాట ఎట్లా ఉండాలి? నిరంతరం తప్పులెంచే, కసురుకునే ఇళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతుందని ఇంగ్లండులో మొదలై మన చండీగఢ్ వరకు జరిగిన అధ్యయనాలు చూపాయి. అతని భ్రమతో వాదించవద్దు, ఒప్పుకోవనూ వద్దు. ‘నాకు ఆ గొంతు వినిపించడం లేదు బేటా, కాని నీవు భయపడుతున్నావని తెలుస్తున్నది’ అంటే చాలు. చనిపోతానన్న మాట వస్తే దానిని బెదిరింపుగా కొట్టివేయవద్దు. ఈ జబ్బులో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, లేదా 108కి ఫోను చేయండి. సేవ చేసే తల్లిని కూడా చూడండి. ఏళ్ల తరబడి ఒక్కతే మేలుకుని ఉన్న ఆమెకు వారంలో ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వడం అన్నదమ్ముల బాధ్యత.

నిఖా గురించి ఒక మాట. పెళ్లి చేస్తే బాగవుతాడన్నది అబద్ధం. పెళ్లి మందు కాదు. జబ్బు దాచి చేసిన నిఖా రెండు జీవితాలను కూలుస్తుంది. మందుతో నిలకడగా ఉన్నవారు పెళ్లి చేసుకోకూడదని మేము అనడం లేదు, అవతలివారికి తెలిసి జరగాలంటున్నాము. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద భర్త రెండేళ్లుగా మతిస్థిమితం కోల్పోయి ఉంటే భార్య కోర్టు ద్వారా విడాకులు కోరవచ్చు. కాని భార్యకు జబ్బు రాగానే పుట్టింటి గడపలో వదిలివచ్చే మగవారిని జమాఅత్ ప్రశ్నించకపోతే, మనం న్యాయం గురించి మాట్లాడడంలో అర్థం లేదు.

చివరగా హక్కులు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉన్నది. ప్రభుత్వ నిధులతో నడిచే సేవలలో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అని 18వ సెక్షన్ అంటున్నది. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, నిరాశ్రయులకు అది ఉచితం. అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్య ఔషధాలు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఉండాలి. 95వ సెక్షన్ గొలుసుతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. రోగులను ఉంచి సేవ చేసే ఏ కేంద్రమైనా రిజిస్ట్రేషన్ పొంది తీరాలి. జబ్బు బాగున్నప్పుడు రోగి తన ప్రతినిధిని తానే ఎన్నుకోవచ్చు, తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగా రాసి ఉంచవచ్చు. వీధిలో తిరుగుతున్న రోగిని పోలీసులు నేరస్థునిలా లాకప్‌లో పెట్టరాదు, ఆసుపత్రికి చేర్చాలి. ఈ హక్కులు దక్కకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. 40 శాతానికి తగ్గని ధ్రువపత్రం వస్తే పథకాలకు, పింఛనుకు దరఖాస్తు చేసుకునే దారి తెరుచుకుంటుంది.

కాబట్టి మా విన్నపాలు నాలుగు. ఏఎస్ పేట, కసుమూరు దర్గాల వద్ద వారానికి ఒకనాడైనా ప్రభుత్వ మానసిక వైద్యుడు కూర్చోవాలి. అందుకు వక్ఫ్ బోర్డు, దర్గా పెద్దలు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కలిసి ఏర్పాటు చేయాలి. తీర మండలాల సామాజిక ఆరోగ్య కేంద్రాలలో చట్టం చెప్పిన మందులు నిలువ ఉన్నవో లేవో మన యువకులు నెలనెలా వెళ్లి అడిగి, లేకపోతే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మసీదు కమిటీలు జకాత్, సదఖా నిధులలో కొంత భాగాన్ని రోగుల ప్రయాణ ఖర్చులకు, రక్తపరీక్షలకు కేటాయించే విషయం ఉలమాలతో చర్చించాలి. ఖతీబులు వచ్చే జుమాలలో ఒక్కటైనా ఈ జబ్బుకు కేటాయించాలి. ఇది అవమానం కాదు, వ్యాధి అని మింబర్ మీద నుంచి ఒక్క మాట వస్తే వంద ఇళ్ల గడియలు తెరుచుకుంటాయి.

మీలో ఎవరి ఇంట్లోనైనా అట్టి బిడ్డ ఉంటే, సభ ముగిసిన తరువాత మా వాలంటీర్లతో మాట్లాడండి. పేరు రాయము, ఎవరికీ చెప్పము. ఆసుపత్రికి వెళ్లే రోజు చెప్పండి, మీ వెంట ఒక మనిషి వస్తాడు. ఓపీ చీటీ తీసుకోవడం దగ్గర నుంచి మందులు చేతికి వచ్చే వరకు తోడుంటాడు.